రెండు నగరాల మధ్య దూరం ఒకటే అయినప్పుడు ప్రయాణ సమయం ఎందుకు మారుతుంది?

విమాన ప్రయాణాల దూరం గురించీ, సమయం గురించీ ఈసారి పాఠకులు పంపిన ప్రశ్నలు చాలావరకు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. అందుకే వాటిని విడివిడిగా కాక, ముందు ప్రశ్నకు ఇచ్చిన జవాబు తరువాతి ప్రశ్నకు ఆసరాగా ఉండే వరుసలో పెట్టి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సింగపూర్‌కూ న్యూయార్క్‌కూ మధ్య దూరం ఎంత అని వెతికితే ఒకచోట 15,349 అనీ, మరొకచోట 9,537 అనీ, ఇంకొకచోట 8,288 అనీ కనిపించింది. విమానం నిజంగా ఎగిరిన దారి ఈ అంకెల్లో దేనికీ సరిపోవడం లేదని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇందులో ఏది నమ్మాలి?

జవాబు: మీరు చూసిన మూడు అంకెలూ నిజమే, మూడూ చెప్పేది ఒకే దూరాన్ని. మొదటిది కిలోమీటర్లలో, రెండోది నేల మీద వాడే సాధారణ మైళ్లలో, మూడోది ఓడలూ విమానాలూ వాడే నాటికల్ మైళ్లలో ఉంది. సాధారణ మైలు సుమారు 1.609 కిలోమీటర్లయితే, నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. భూగోళం మీద ఒక అక్షాంశ డిగ్రీని 60 భాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క భాగం పొడవు నుంచి నాటికల్ మైలు పుట్టింది. ఆ పొడవు ధ్రువాల దగ్గర ఒక రకంగా, భూమధ్యరేఖ దగ్గర మరొక రకంగా ఉంటుంది కాబట్టి, 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా స్థిరపరిచింది. విమాన సిబ్బంది చెప్పే ‘నాట్’ అన్న వేగపు కొలత కూడా దీని మీద ఆధారపడిందే. గంటకు ఒక నాటికల్ మైలు వేగం ఒక నాట్. దూరం చదివేటప్పుడు అంకె పక్కన ఏ కొలత ఉందో చూడకపోతే రెండు రకాల మైళ్ల మధ్యనే 15 శాతం తేడా వచ్చిపడుతుంది, సుదూర ప్రయాణంలో అది రెండు గంటలకు పైబడిన తేడా.

కొలత ఒకటే అయినా వేర్వేరు చోట్ల పదులకొద్దీ కిలోమీటర్ల తేడా కనిపిస్తే దానికి రెండు కారణాలుంటాయి. కొందరు నగరాల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలుస్తారు, మరికొందరు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలుస్తారు. అంతకన్నా ముఖ్యమైన కారణం భూమి ఆకారం. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నిండు గోళంగా భావించి లెక్క వేయడం తేలిక. కానీ భూమి ధ్రువాల దగ్గర కాస్త అణగి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం సుమారు 6,378 కిలోమీటర్లయితే, ధ్రువాల దగ్గర సుమారు 6,357 మాత్రమే. దీన్ని పట్టించుకున్న లెక్కకూ పట్టించుకోని లెక్కకూ అర శాతం దాకా తేడా రావచ్చు.

మీ మిత్రుడు చెప్పినది మాత్రం వేరే సంగతి. 15,349 కిలోమీటర్లన్నది రెండు విమానాశ్రయాల మధ్య భూమి మీద గీయగల అతి చిన్న దారి పొడవు. ఆ రోజు విమానం ఆ దారినే పట్టుకుని ఎగిరిందని ఆ అంకె ఎక్కడా చెప్పదు. దూరం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ విడిగా ఉంచుకుంటే సగం గందరగోళం అక్కడే తొలగిపోతుంది.

ప్రశ్న: పటం మీద సిడ్నీ నుంచి దక్షిణ అమెరికాలోని శాంటియాగోకు అడ్డంగా ఒక గీత గీస్తే సరిపోతుంది కదా. విమానం దారి మాత్రం కిందికి, అంటార్కిటికా వైపు వంగి, మళ్లీ పైకి వచ్చినట్టు చూపిస్తున్నారు. దగ్గరి దారి వదిలి చుట్టూ ఎందుకు తిరుగుతారు?

జవాబు: చుట్టూ తిరిగే దారి నిజానికి మీరు గీసిన అడ్డగీతే. ఈ మాట నమ్మడం కష్టం కాబట్టి లెక్కతోనే చెబుతాను. రెండు నగరాలూ దక్షిణ అక్షాంశం 34 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నాయి. పటంలో కనిపించే అడ్డగీత వెంట, అంటే అదే అక్షాంశాన్ని పట్టుకుని తిన్నగా తూర్పుకు వెళితే, సుమారు 12,800 కిలోమీటర్లు ప్రయాణించాలి. వంగిన దారి వెంట వెళితే సుమారు 11,350 కిలోమీటర్లే. ఆ దారి మధ్యలో దక్షిణ అక్షాంశం 62 డిగ్రీల దాకా దిగుతుంది, అయినా 1,450 కిలోమీటర్లు ఆదా అవుతాయి.

ఇంట్లోనో బడిలోనో ఒక గ్లోబు ఉంటే దీన్ని చేతులతో పరీక్షించవచ్చు. ఒక దారం కొసను సిడ్నీ మీద, రెండో కొసను శాంటియాగో మీద పెట్టి బిగించి లాగండి. బిగుసుకున్న దారం అక్షాంశ రేఖను వదిలి, తనంతట తానే దక్షిణానికి జారుతుంది. గోళం కేంద్రం గుండా కోస్తే పైన ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు, విమానయానంలో దానికి గ్రేట్ సర్కిల్ అని పేరు. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి చిన్న దారి ఎప్పుడూ ఇలాంటి వృత్తంలో ఒక ముక్కే. భూమధ్యరేఖ మహావృత్తం, అది తప్ప మిగిలిన అక్షాంశ రేఖలేవీ మహావృత్తాలు కావు. అందుకే ఉత్తరార్ధగోళంలో సుదూర మార్గాలు ఉత్తరానికీ, దక్షిణార్ధగోళంలో దక్షిణానికీ వంగినట్టు కనబడతాయి.

కంటిని మోసం చేస్తున్నది మనకు అలవాటైన పటం. 1569లో గెరార్డస్ మెర్కేటర్ రూపొందించిన పద్ధతిలో గీసిన పటాల మీద, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ప్రదేశాలు సాగిపోతాయి. ఆఫ్రికా ఖండం గ్రీన్‌లాండ్‌కు సుమారు 14 రెట్లు పెద్దదైనా, ఆ పటంలో రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. మెర్కేటర్‌ను తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. దిక్సూచి చూపే ఒకే దిశను వదలకుండా పట్టుకుని పోయే నావికుడికి తన దారి పటం మీద తిన్నని గీతగా కనబడాలన్నది ఆయన ఉద్దేశం, ఆ పనికి ఆ పటం అద్భుతంగా ఉపయోగపడింది. దూరం కొలవడానికి దాన్ని వాడుకోవడం మన పొరపాటు.

అయితే విమానం ప్రతిసారీ సరిగ్గా ఆ వంపు మీదే ఎగరగలదని కాదు. రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజను ఆగిపోతే, మిగిలిన ఒక్క ఇంజనుతో నిర్ణీత సమయంలోపు ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేంత దూరంలోనే దాని మార్గం ఉండాలన్న నియమం ఉంది. మొదట్లో ఆ హద్దు 60 నిమిషాలు; ఇంజన్ల మీద నమ్మకం పెరిగాక 1985లో కొన్ని విమానాలకు 120 నిమిషాల అనుమతి దొరికింది; తరువాత అది ఇంకా పెరుగుతూ, 2014లో ఎయిర్‌బస్ ఎ350కి యూరప్ నియంత్రణ సంస్థ 370 నిమిషాల దాకా అనుమతించింది. దక్షిణ మహాసముద్రం మీద దిగడానికి చోటే ఉండదు కాబట్టి, ఈ నియమం అక్కడ పట్టినంత గట్టిగా మరెక్కడా పట్టదు. ఒకప్పుడు ఈ మార్గంలో నాలుగు ఇంజన్ల బోయింగ్ 747లు తిరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ప్రశ్న: విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళుతుందంటారు. 15,349ని 900తో భాగిస్తే 17 గంటలు వస్తుంది. టిక్కెట్టు మీద మాత్రం పద్దెనిమిదిన్నర గంటలు దాటి ఉంటోంది. మిగిలిన గంటన్నర ఎక్కడ పోతోంది?

జవాబు: 900 అన్నది విమానం ఎత్తుకు చేరి నిలకడగా సాగుతున్నప్పటి వేగం. సుదూర విమానాలు సాధారణంగా ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో, ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లే కాబట్టి దానిలో 85 శాతం 900 అవుతుంది. నేల నుంచి ఆ ఎత్తుకు ఎక్కేటప్పుడూ, చివర్లో దిగేటప్పుడూ వేగం దీనికన్నా బాగా తక్కువ. పైగా బయలుదేరే విమానాశ్రయం చుట్టూ, దిగే విమానాశ్రయం చుట్టూ నిర్ణయించిన దారుల్లోనే మలుపులు తిరుగుతూ వెళ్లాలి, కొన్నిసార్లు రన్‌వే ఖాళీ అయ్యేవరకు గాలిలో చక్కర్లు కొట్టాలి.

టిక్కెట్టు మీద ముద్రించే సమయం కేవలం గాలిలో గడిపే సమయం కాదన్నది ఇంకొక సంగతి. విమానం విమానాశ్రయంలోని తన గేటు దగ్గర నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో మరొక గేటు దగ్గర ఆగే క్షణం దాకా అందులో కలుపుతారు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నేల మీద సాగే ప్రయాణం, అక్కడ వరుసలో నిరీక్షణ, దిగాక మళ్లీ నేల మీద నడక ఇందులో ఉంటాయి. రద్దీగా ఉండే విమానాశ్రయాల్లో ఇవి కలిసి అరగంట దాటడం అరుదేమీ కాదు. వీటికి తోడు, ఆలస్యాలను తట్టుకోవడానికి విమాన సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగా కలిపి సమయపట్టిక వేస్తాయి. గంట ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా అప్పుడప్పుడు ఇరవై నిమిషాల ఆలస్యంతోనే చేరడానికి వెనుక ఈ మిగులు ఉంటుంది.

చేతిలెక్కకు నేను వాడే పద్ధతి ఒకటుంది. అతి చిన్న దారి పొడవును కిలోమీటర్లలో తీసుకుని 850తో భాగించి, వచ్చినదానికి అరగంట కలపాలి. సింగపూర్–న్యూయార్క్‌కు ఇది సుమారు పద్దెనిమిదిన్నర గంటలు చూపుతుంది. లండన్–న్యూయార్క్ మధ్య దూరం సుమారు 5,540 కిలోమీటర్లు, లెక్క ప్రకారం ఏడు గంటలు రావాలి. మామూలు రోజుల్లో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఇంతకన్నా కొంచెం తక్కువ, లండన్ నుంచి న్యూయార్క్‌కు కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ తేడా ఎందుకన్నది తరువాతి ప్రశ్న అడిగిన పాఠకురాలికి చెప్పాలి.

ప్రశ్న: వెళ్లేటప్పుడు ఒక సమయం, తిరిగి వచ్చేటప్పుడు మరొక సమయం ఎందుకు పడుతుంది? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, అలాంటప్పుడు పడమరకు వెళ్లే విమానానికి గమ్యం ఎదురొచ్చి త్వరగా చేరాలి. జరుగుతున్నది దానికి తలకిందులుగా ఉంది.

జవాబు: చాలా మంచి ప్రశ్న. మీ తర్కంలో లోపం ఒక్కచోటే ఉంది. భూమి ఒంటరిగా తిరగడం లేదు, తనను అంటిపెట్టుకున్న గాలినంతా వెంట తిప్పుకుంటోంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. నిలబడి ఉన్న మనిషీ, చెట్టూ, రన్‌వే మీది విమానమూ, వాటి చుట్టూ ఉన్న గాలీ అదే వేగంతో కదులుతున్నాయి. నేలను వదిలినంత మాత్రాన విమానం ఆ వేగాన్ని పోగొట్టుకోదు. అలా పోగొట్టుకునేదే అయితే, నిలుచున్నచోట పైకి ఎగిరిన మనిషి కూడా దూరంగా ఎక్కడో దిగాలి.

ఇక అసలు కారణానికి వస్తాను. విమానం నేల మీద నడవదు, గాలిలో ఈదుతుంది. 900 అన్న వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగమే తప్ప, కింద ఉన్న నేలతో పోల్చినది కాదు. ఏటి వాలులో పడవ వేసినవాడికీ, ఏటికి ఎదురీదేవాడికీ చేతుల్లో సత్తువ ఒకటే ఉన్నా, ఒడ్డున పాతిన గుంజలను దాటే వేగం వేరు. గాలి కూడా అలాంటి ఏరే. మధ్య అక్షాంశాల్లో, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, అంటే సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం పారుతూ ఉంటుంది. ఉష్ణమండలపు వేడి గాలికీ, ధ్రువాల వైపు చల్లని గాలికీ మధ్య ఉన్న తేడా నుంచి అది పుడుతుంది. భూభ్రమణం దాన్ని తూర్పుకు తిప్పుతుంది. ఆ విధంగా భూభ్రమణానికి ఇందులో పాత్ర ఉంది, కానీ మీరు ఊహించిన పాత్ర కాదు. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది, గాలి కూడా బలపడుతుంది; గంటకు 300 కిలోమీటర్లు దాటే రోజులూ ఉంటాయి.

ఈ గాలిని క్రమపద్ధతిలో కొలిచిన తొలి శాస్త్రవేత్తల్లో జపాన్‌కు చెందిన వాసాబురో ఓయిషిని తప్పక తలచుకోవాలి. ఆయన 1920ల్లో బెలూన్లు వదిలి, పైకి పోయేకొద్దీ అవి ఎంత వేగంగా తూర్పుకు కొట్టుకుపోతున్నాయో లెక్కకట్టారు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆ ఫలితాలను, అంతర్జాతీయ వాడుక కోసం కల్పించిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించారు, కానీ ఆ భాష తెలిసినవారు తక్కువ కావడం వల్ల అవి చేరవలసినవారికి చేరలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి ఎత్తున ఎగిరి వచ్చిన అమెరికా బాంబర్లు ఊహించని గాలుల్లో చిక్కుకున్నాక గానీ ఈ ప్రవాహం ప్రాముఖ్యం అందరికీ తెలియలేదు. శ్రద్ధగా చేసిన పని చదివేవారు లేక అలా పక్కన పడి ఉండడం ఎప్పుడు తలచుకున్నా బాధ కలిగిస్తుంది.

ఈ గాలి ఎంత చేయగలదో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. 2020 ఫిబ్రవరిలో ఉత్తర అట్లాంటిక్ మీద తుఫాను గాలులు బలంగా ఉన్న ఒక రాత్రి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అది ధ్వని వేగాన్ని మించిందని కొందరు అనుకున్నారు, కానీ తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఆ విమానం రోజూ వెళ్లే వేగంతోనే వెళుతోంది. ధ్వనిని నిజంగా మించి ఎగిరిన కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న అదే మార్గాన్ని 2 గంటల 53 నిమిషాలకు ఒక్క సెకను తక్కువలో పూర్తిచేసింది.

వెళ్లేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు తిరిగొస్తుంది కదా, మొత్తం మీద సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. సరిపోదు. 5,400 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 900 వేగంతో, గాలి అసలు లేని రోజున, పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు, మొత్తం 12 గంటల్లో పూర్తిచేయవచ్చు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. గాలి వాలులో 1,050 వేగంతో 5 గంటల 9 నిమిషాలు. ఎదురుగాలిలో 750 వేగంతో 7 గంటల 12 నిమిషాలు. కలిపితే 12 గంటల 21 నిమిషాలు. ఎదురుగాలి ఉన్నప్పుడు విమానం ఆ గాలిలో ఎక్కువసేపు ఉండిపోతుంది కాబట్టి పోగొట్టుకున్నది ఎప్పుడూ ఎక్కువే. రెండు దిశల్లోనూ ఒకే గాలి వీస్తే రానూపోనూ ప్రయాణంలో నష్టమే తప్ప లాభం ఉండదు.

అందుకే విమాన మార్గాన్ని రచించేవారు నేల మీది దూరం కన్నా గాలిలో ఈదవలసిన దూరాన్ని ఎక్కువగా చూస్తారు. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి కాక, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్త దారి సుమారు 15,300. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా, ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారి కన్నా దాదాపు రెండు గంటల ముందుగా ముగిసింది. పాత దారిలో ఎదురుగాలి, కొత్త దారిలో వాలుగాలి. నేల మీద కొలిస్తే కొత్త దారి పొడవైనది. గాలిలో కొలిస్తే అదే దగ్గరి దారి. సింగపూర్–న్యూయార్క్ విమానాలు కూడా కొన్ని రోజులు పసిఫిక్ మీదుగా, కొన్ని రోజులు అట్లాంటిక్ మీదుగా వెళ్లడానికి కారణం ఇదే. ఉత్తర అట్లాంటిక్ మీద అయితే గాలుల అంచనాను బట్టి విమానాల బాటలను రోజూ కొత్తగా నిర్ణయించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడి మిత్రుడికి కనిపించిన తేడా ఇక్కడి నుంచే వచ్చింది.

ప్రశ్న: విమానం అంత ఎత్తున ఎగురుతుంది కాబట్టి ప్రయాణించే వృత్తం పెద్దదవుతుంది కదా. దానివల్ల దూరం బాగా పెరగదా?

జవాబు: పెరుగుతుంది గానీ లెక్కలోకి రానంత. 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధానికి 11 కిలోమీటర్లు కలిస్తే పెరిగేది వెయ్యింట రెండు వంతుల కన్నా తక్కువ. 15,000 కిలోమీటర్ల ప్రయాణంలో 26 కిలోమీటర్లు, సమయంలో రెండు నిమిషాలకు లోపే.

ప్రశ్న: హెల్సింకి నుంచి టోక్యోకు ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటలు పట్టేదని చదివాను. ఇప్పుడు పదమూడు గంటలంటున్నారు. విమానాలు నెమ్మదించాయా?

జవాబు: విమానాలు నెమ్మదించలేదు, దారి మూసుకుపోయింది. రెండు నగరాల మధ్య అతి చిన్న దారి సుమారు 7,800 కిలోమీటర్లు, దానిలో అత్యధిక భాగం రష్యా గగనతలం మీదుగా పోతుంది. 2022లో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక యూరప్ దేశాలు రష్యా విమానాలకు తమ ఆకాశాన్ని మూసివేశాయి, రష్యా కూడా వారి విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. దాంతో ఫిన్లాండ్‌కు చెందిన ఫిన్‌ఎయిర్ సంస్థ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా గానీ, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగా గానీ చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఆసియాకు దగ్గరి దారి తమ నగరం మీదుగానే ఉందన్న భౌగోళిక సౌలభ్యం మీద ఏళ్ల తరబడి నిర్మించుకున్న వ్యాపారం అది.

ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ ఆకాశం మూసి ఉన్నప్పుడు, యూరప్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని దాటి అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఇంధనం నింపుకుని వెళ్లేవి. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ 1957లో కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకు ఈ దారి తెరిచింది. గ్లోబు మీద దారం చూపే దూరం ఏ కాలంలోనైనా ఒకటే ఉంటుంది, కానీ ఆ దారం కింద ఉన్న దేశాల అనుమతి కూడా ప్రయాణ సమయాన్ని నిర్ణయిస్తుంది.

ప్రశ్న: టోక్యోలో సాయంత్రం 5 గంటలకు బయలుదేరిన విమానం అదే తేదీన ఉదయం 9:30కి శాన్‌ఫ్రాన్సిస్కో చేరినట్టు టిక్కెట్టులో ఉంది. ఇది అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు. టిక్కెట్టు మీద బయలుదేరే వేళ ఆ నగరపు గడియారం ప్రకారం, చేరే వేళ ఈ నగరపు గడియారం ప్రకారం ఉంటాయి. రెండింటినీ నేరుగా తీసివేయకూడదు. ముందు రెండింటినీ ఒకే గడియారానికి మార్చుకోవాలి. అందుకు ప్రపంచమంతా అంగీకరించిన యూటీసీ సమయం బాగా పనికొస్తుంది. టోక్యో యూటీసీ కన్నా 9 గంటలు ముందుంది కాబట్టి, అక్కడ సాయంత్రం 5 అయినప్పుడు యూటీసీ ప్రకారం ఉదయం 8. శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలంలో యూటీసీకి 8 గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, అక్కడ ఉదయం 9:30 అంటే యూటీసీలో సాయంత్రం 5:30. ఎనిమిది నుంచి ఐదున్నర దాకా తొమ్మిదిన్నర గంటలు, అదే మీ అసలు ప్రయాణ సమయం.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వల్ల 11 గంటలు పడుతుందనుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 11కి బయలుదేరితే టోక్యోలో మరుసటి రోజు మధ్యాహ్నం 3 అవుతుంది. పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖను దాటినప్పుడు వెళ్లేటప్పుడు మిగిలిన రోజు, వచ్చేటప్పుడు ఖర్చవుతుంది. ఇంకొక జాగ్రత్త చెప్పాలి: అమెరికాలో వసంతం నుంచి శరత్కాలం దాకా గడియారాలను గంట ముందుకు జరుపుతారు, జపాన్‌లో జరపరు. అందువల్ల రెండు నగరాల మధ్య తేడా ఏడాదిలో కొన్ని నెలలు 17 గంటలు, మిగిలిన నెలలు 16 గంటలు. చేరినచోట మరొక విమానం అందుకోవలసినవారు ఈ మార్పు తేదీలను తప్పక చూసుకోవాలి.

ప్రశ్న: భూమి మీద ఏ నగరం నుంచి ఏ నగరానికైనా ఆగకుండా వెళ్లగలిగే రోజు వస్తుందా? దానికి అడ్డేమిటి?

జవాబు: అడ్డు ఇంధనం బరువు. దూరం రెట్టింపయితే ఇంధనం రెట్టింపయి ఆగదు. చివరి గంటల్లో కాల్చవలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి, ఆ మోతకు మరికొంత ఇంధనం కావాలి, దాన్ని మోయడానికి ఇంకొంత. సింగపూర్–న్యూయార్క్ మార్గంలో 2018 అక్టోబరు నుంచి తిరుగుతున్న ప్రత్యేకమైన ఎ350 విమానం 1,65,000 లీటర్ల ఇంధనం నింపుకోగలదు, అందులో సీట్లు మాత్రం 161 మాత్రమే. సాధారణ తరగతి సీట్లు అందులో లేనే లేవు. మధ్యలో ఒకచోట దిగి ఇంధనం నింపుకుంటే మొత్తం మీద తక్కువ ఇంధనంతో పని జరుగుతుంది, కానీ దిగడానికీ ఎక్కడానికీ రెండు మూడు గంటలు పోతాయి. సమయానికీ ఇంధనానికీ మధ్య ఈ బేరం ప్రతి సుదూర మార్గంలోనూ ఉంటుంది.

ఆ మార్గం కన్నా పొడవైనది లండన్–సిడ్నీ, సుమారు 17,000 కిలోమీటర్లు. పెర్త్ నుంచి లండన్‌కు 2018 మార్చి నుంచి ఆగకుండా విమానం నడుపుతున్న ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్, 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి బోయింగ్ 787ను ప్రయోగాత్మకంగా పంపింది. సుమారు 50 మందితోనే బయలుదేరిన ఆ విమానం 19 గంటల 19 నిమిషాల్లో చేరింది. అది గాలి వాలున, తూర్పుకు సాగిన ప్రయాణమన్నది గమనించాలి. నిండా ప్రయాణికులతో ఎదురుగాలిలో పడమరకు రావడం ఇంతకన్నా కష్టమైన పని. దానికోసమే ఆ సంస్థ మరింత ఇంధనం పట్టే ఎ350–1000 విమానాలను చేయించుకుంటోంది.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, ఏ రెండు నగరాల మధ్యనైనా దూరం 20,000 కిలోమీటర్లకు మించి పెద్దగా పెరగదు. మాడ్రిడ్, వెల్లింగ్టన్ ఈ హద్దుకు బాగా దగ్గరగా ఉన్న జంట, వాటి మధ్య దూరం సుమారు 19,800 కిలోమీటర్లు. గోళం మీద ఇలా ఎదురెదురుగా ఉన్న చోట్లకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. దారాన్ని ఏ దిక్కుగా లాగినా దాని పొడవు దాదాపు మారదు. తూర్పుకు బయలుదేరినా, పడమరకు బయలుదేరినా, ధ్రువం మీదుగా వెళ్లినా దూరం ఇంచుమించు ఒకటే. అలాంటి మార్గంలో విమానం ఆగకుండా ఎగిరే రోజు వస్తే, దారి ఎంచుకోవడంలో దూరానికి ఇక చెప్పవలసిందేమీ ఉండదు. ఆ ఉదయం గాలి ఎటు వీస్తోందో, ఏ ఆకాశం తెరిచి ఉందో, దానిని బట్టే బయలుదేరవలసిన దిక్కు తేలుతుంది.